భయం వంతు

లోదారి సంఘం
జామిగెడ్డ చీలిక, కాపరి నూకరత్నం

నమోదు 1

ఈ చలికాలానికి మొదటి మంచు ఈ పొద్దున పడింది. మంచు ఎంత, మేకమెడ మలుపు దగ్గర ఎన్ని బండ్లు దాటించాం, ప్రమాదాలేమైనా జరిగాయా, ఈ మూడూ రాసి కింద పేరు పెడితే చాలని సంఘం గుమాస్తా చెప్పాడు. మిగతా సోది వద్దన్నాడు. ఏది సోదో ఏది కాదో పట్నంలో హీటరు పక్కన కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? నాకు తోచింది రాస్తాను. చదవకపోతే ఆయన ఇష్టం.

మంచు: చేయి చాపితే గాజులు కనబడ్డాయి, వేళ్ళు కనబడలేదు. గడ్డి మీద తెల్లగా పేరుకుంది. రోడ్డు మీద నిలవలేదు. మా లోదారి నేల మీద పరిచిన పాత ఘాట్ రోడ్డు కాబట్టి మట్టి వెచ్చదనం దానికి ఉంటుంది. మేకమెడ మలుపులో నీరు ఊరే చోట మాత్రం జారుతుంది. అక్కడ రెండు బస్తాల ఊకబూడిద చల్లాను.

బండ్లు: సంతరోజంత. మొదటి బండికి ముందు లాంతరు పట్టుకుని నేను నడిచాను. మలుపు దాటాక ఆ డ్రైవరు బండి పక్కన ఆపి, నా చేతిలో లాంతరు తీసుకుని వెనక్కి నడిచి వెళ్ళి, తర్వాతి బండిని దాటించాడు. వాడు దిగి ఆ తర్వాతి బండిని. మా దగ్గర అదే పద్ధతి. ఒకరు నడిపిస్తే దాటినవాళ్ళు ఇంకొకరిని నడిపించి కానీ ముందుకు పోకూడదు. ఆఖరివాడు లాంతరుతో నా గుడిసెలో కూర్చుని, ఇంకో బండి వచ్చేదాకానో ఎండ వచ్చేదాకానో ఆగాలి. వాడికి టీ ఇస్తాను. ఆ టీ కోసం కావాలని వెనకబడేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ పేర్లు రాయను.

ప్రమాదాలు: లేవు.

నమోదు 2

మంచు: నిన్నటిలాగే.

నా గుడిసె ఉన్నది పైదారి స్తంభాల కింద. పైదారి అంటే టోల్ కట్టి ఎక్కే పెద్ద రోడ్డు. కొండ నుంచి మైదానం దాకా స్తంభాల మీదే పోతుంది. గేటు దాటగానే స్టీరింగు దానంతట అదే ముడుచుకుపోతుంది. అక్కడి నుంచి బండిని నడిపేది దారి. బండి వెనక బండిని జానెడు ఎడంతో తగిలించి గొలుసులా లాక్కుపోతుంది. మనిషికి మిగిలింది ఒక్కటే పెడల్. భయమేస్తే తొక్కాలి. గొలుసులో ఎన్నిసార్లు తొక్కుడు పడితే దారి మొత్తం గొలుసును అంత నెమ్మది చేస్తుంది. బండి జారబోతోందన్న సంగతి యంత్రం కంటే ముందు కూర్చున్నవాడి నడుముకు తెలుస్తుందట. అందుకని మంచు కొలిచే పరికరాలన్నీ పీకేసి, మనుషుల భయాన్నే నమ్ముకున్నారు. ఉత్తుత్తిగా తొక్కితే కుదరదు. సీటు గుండె దడ కూడా చూస్తుంది. నిజంగా దడ ఉంటేనే లెక్క.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ దిగే గేటు దగ్గర నువ్వు ఎన్నిసార్లు భయపడ్డావో నీ బండి మీద పెద్ద అంకెల్లో బోర్డు వేస్తారు. సమాచారం కోసమట. పండ్ల మార్కెట్టు ఆ గేటు ఎదురుగానే ఉంది. ఇంక చెప్పేదేముంది. పెళ్ళిచూపుల్లో కూడా కుర్రాడికి ఎంత పడుతుందని అడుగుతున్నారు.

మా బావ ఎర్నాయుడికి ఎప్పుడూ సున్నా. అక్క దాలమ్మ, బావ కలిసి తోటలో స్ట్రాబెర్రీ పండించి రోజూ పొద్దున వ్యానులో మార్కెట్టుకు తీసుకుపోతారు. రెండు దారులూ విడిపోయే ఈ చీలిక దగ్గర వ్యాను ఆపి నా టీ తాగి, నన్ను నాలుగు మాటలని, పైదారి ఎక్కుతాడు. ఈ రోజూ ఆగాడు. నీ గుడిసెలో కూర్చున్న మగాళ్ళందరికీ చీరలు పెట్టి పంపించు అన్నాడు. పక్క సీట్లో అక్క నవ్వలేదు. చేతులు ఒళ్ళో బిగించి కూర్చుంది.

వాళ్ళు ఎక్కిన కాసేపటికి పైన గొలుసు వెళ్ళిన మోత వినబడింది. అలమరలో స్టీలు గ్లాసు కొంచెం అదిరింది. గొలుసు వేగంగా పోతే అది అంచువైపు జరుగుతుంది. ఈ రోజు గోడ దగ్గర పెట్టింది గోడ దగ్గరే ఉంది.

ప్రమాదాలు: లేవు.

నమోదు 3

మంచు ఎక్కువ. బండ్లు కూడా ఎక్కువ. కోడిగుడ్ల వ్యాను సన్యాసినాయుడు ఈ రోజు నుంచి లోదారికి వచ్చేశాడు. ఆయనంత భయస్తుడు ఈ కొండల్లో లేడు. పైదారి మీద ఆయన బోర్డు చూడ్డానికి మార్కెట్టులో జనం కాచుకుని ఉంటారు. పిల్లలు కూడా తొక్కుడు తాతా అని పిలుస్తున్నారని చెప్పి, నా గుడిసెలో రెండు గ్లాసుల టీ తాగాడు. ఒక్క గుడ్డు కూడా పగలకుండా దాటించాం.

ఇలాంటివాళ్ళు ఇంకా ఉంటారు కదా అనిపించి, రేకు ముక్క మీద పెయింటుతో రాసి చీలిక దగ్గర కట్టాను. ‘భయమున్నవాళ్ళు ఇటు రండి. ఇక్కడ లెక్కపెట్టం.’ అక్షరాలు కాస్త వంకరపోయాయి గానీ దూరానికి కనబడుతుంది.

గ్లాసు అలమర మధ్యలోకి వచ్చింది. గొలుసు వెళ్ళాక మళ్ళీ గోడకు చేర్చి పెట్టాను.

నమోదు 4

బోర్డు పనిచేసింది. మలుపు దగ్గర బండ్లు వరుస కట్టాయి. లాంతరు చేతులు మారుతూనే ఉంది. కొత్త పెళ్ళాంతో వచ్చిన కుర్రాడు ఒకడు, పైన తొక్కితే మామగారికి తెలిసిపోతుందని ఇటు వచ్చాడట. వాడే తర్వాత ఒక పాల వ్యానును ఎంతో జాగ్రత్తగా దాటించాడు. గుమాస్తా ఫోను చేసి సంఘం చాలా సంతోషంగా ఉందన్నాడు. నాకూ సంతోషంగానే ఉంది. లేదని చెప్పను.

ఎండ వచ్చాక గుడిసె పైరేకుల మీద ఏదో పడి పగిలిన చప్పుడు. బయటికి వెళ్ళి చూస్తే గాజు పెంకుల్లా మంచు పలకలు. పైదారి అంచు నుంచి ఊడి పడ్డాయి. అరచేయంత మందం లేదు గానీ చిటికెన వేలంత ఉంది. పైదారికి కింద మట్టి లేదు, పైనా గాలే కిందా గాలే. అందుకే మా రోడ్డు తడిగా ఉన్నప్పుడే దాని మీద గడ్డ కట్టేస్తుంది.

పలకలు కట్టిన దారి మీద బండ్లు నెమ్మదిగా పోవాలి. గ్లాసు మాత్రం ఈ రోజు అలమర అంచుకు వచ్చింది. నిరుడు ఇంత చలిలో అసలు కదిలేది కాదు.

నమోదు 5

అక్క ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. బావ తోటలో ఉన్నాడట. పైన బండి జారుతున్నట్టు తన నడుముకు తెలుస్తోందని చెప్పింది. రెండుసార్లు తెలిసిందట. తొక్కమని బావను అడిగితే, నీకు భయమైతే కళ్ళు మూసుకో అన్నాడట. వ్యానులో పెడల్ ఒక్కటే, అది ఆయన కాళ్ళ దగ్గర ఉంది. సీటు చూసేది కూడా ఆయన గుండెనే. అక్క భయం ఎవరి లెక్కలోకీ రాదు.

లోదారిలో గుడ్ల వ్యాను ఎక్కి వచ్చేయమన్నాను. ఆయన్ని ఒక్కడినే ఎలా పంపను అంది. కాసేపు పొయ్యి దగ్గర కూర్చుంది. వెళ్ళేటప్పుడు, ఏమైనా అయితే తోటకు నీళ్ళు పెట్టే వేళలు గోడ మీద బొగ్గుతో రాసి ఉంచానని చెప్పింది. మామూలు మాట చెప్పినట్టే చెప్పింది.

నాకు ఉన్నది ఒక్క అక్క. ఇది సోది కాదు, గుమాస్తాగారూ.

నమోదు 6

గ్లాసు కింద పడింది. సొట్ట పోయింది.

పైదారి వాళ్ళకు ఫోను చేశాను. మనిషితో మాట్లాడాలంటే ప్రమాదం నంబరు చెప్పాలట. ఇంకా జరగలేదంటే, అయితే దారితోనే మాట్లాడమని కలిపారు. దారి గొంతు చాలా మర్యాదగా ఉంటుంది.

పైన పలకలు కడుతున్నాయి, వేగం తగ్గించమన్నాను.

“మీ శ్రద్ధకు ధన్యవాదాలు. గత శీతాకాలంతో పోలిస్తే పైదారిలో భయం బాగా తగ్గింది. ప్రయాణికులు ధైర్యంగా ఉన్నారు. అందుకు తగ్గట్టే వేగం పెంచాము.”

“భయమున్నోలందరూ కిందకి వొచ్చీసినారు. నా గుడిసికాడ ఉన్నారు.”

“పైదారి మీద లేనివారి భయం పైదారి లెక్కలోకి రాదు. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?”

అక్కర్లేదని పెట్టేశాను. తర్వాత బయటికి వెళ్ళి నా రేకు బోర్డు కేసి చూస్తూ నిలబడ్డాను. వాళ్ళు పైనే ఉండి ఉంటే, సన్యాసినాయుడు ఒక్కడే గొలుసులో సగం భయాన్ని మోసేవాడు. ఆయన తొక్కిన ప్రతిసారీ మార్కెట్టు నవ్వింది. ఆయన తొక్కబట్టే అందరూ క్షేమంగా దిగారు. అలాంటివాళ్ళను ఏరి ఏరి కిందికి దింపింది నేను. మంచి పనే చేశాననుకున్నాను. పైన మిగిలినవాళ్ళలో భయం లేనివాళ్ళు కొందరు, ఉన్నా కాలు కదపనివాళ్ళు కొందరు. వాళ్ళ మధ్య మా అక్క.

బోర్డు విప్పి లోపల పెట్టాను.

నమోదు 7

మంచు లేదు, మబ్బు. సంఘం వాళ్ళను గుడిసె దగ్గరికి పిలిచి గ్లాసు చూపించాను, పలకల సంగతి చెప్పాను. కుర్రాళ్ళు నలుగురు లేచి, ఇంతేనా, మేం పైకెక్కి గేటు నుంచి గేటు దాకా తొక్కుతూనే ఉంటాం అన్నారు. అన్నట్టే మధ్యాహ్నం వెళ్ళారు. దిగాక చూస్తే నలుగురి బోర్డుల మీదా సున్నా. దారి వాటిని కాలు తగిలిన పొరపాట్లుగా రాసుకుందట. వాళ్ళకు నవ్వొచ్చింది కానీ దడ రాలేదు మరి.

ధైర్యవంతులు పనికిరారని తేలిపోయింది. అప్పుడు అందరూ ఒకేసారి సన్యాసినాయుడి వైపు తిరిగారు. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

“నన్ను సూడకండి. నాను దిగిపోయినాను. మల్లా ఎక్కను.”

ఎవరూ బలవంతం చేయలేదు. మా అక్క సంగతి నేను చెప్పాను. గోడ మీద బొగ్గుతో రాసిన నీళ్ళ వేళల సంగతి కూడా చెప్పాను. ఆయన మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. పైన తనకు ఏమవుతుందో తర్వాత మెల్లగా చెప్పాడు. నోరు ఎండిపోతుంది, కాళ్ళు చల్లబడతాయి, గుడ్లన్నీ ఒకేసారి పగిలినట్టు చెవుల్లో వినబడుతుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదట. చెబితే నవ్వుతారని.

ఆయన అలా చెప్పేసరికి, గోడకు ఆనుకుని నిలబడ్డ పాల వ్యాను మనిషి తనకూ అంతే అన్నాడు. కొత్త పెళ్ళికొడుకు చేయెత్తాడు. చూస్తుండగా చేతులు బోలెడు లేచాయి. భయస్తులు అంతమంది ఉన్నారని చూసి నా ప్రాణం లేచి వచ్చింది.

పొద్దున బావ వ్యాను ఎక్కే గొలుసులోనే మావాళ్ళూ ఎక్కాలని నిర్ణయం. సన్యాసినాయుడు ఒప్పుకున్నాడో లేదో ఎవరికీ తెలియదు. టీకి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

నమోదు 8

మంచు: బిందెలో నీళ్ళ మీద పలక కట్టింది. ఇంత చలి నేను పుట్టాక చూడలేదు.

బావకు ఎదురెళ్ళి, ఈ రోజు వద్దని చేతులు పట్టుకున్నంత పని చేశాను. పండు ఆగుతుందా అన్నాడు. పైన ఏం జరుగుతుందో చెప్పాను. మరదలు మాట విని లోదారి పట్టాడని మార్కెట్టులో తెలిస్తే తలెత్తుకోలేనని నవ్వాడు. అక్క కిటికీలోంచి నా చేయి ఒకసారి నొక్కింది.

లాంతరు పాల వ్యాను మనిషి తమ్ముడికి ఇచ్చి, మలుపు చూసుకోమని చెప్పి, నేను సంఘం వాళ్ళ బూడిద మోసే ఆటో వేసుకుని వాళ్ళ వెనకే గేటు దాటాను. స్టీరింగు ముడుచుకుపోయింది. నా ముందు అయిదారు బండ్ల అవతల బావ వ్యాను కనబడుతోంది. అద్దంలో వెనక్కి చూశాను. పాల వ్యాను ఉంది. పెళ్ళికొడుకు కారు ఉంది. ఇంకా మావాళ్ళు కొందరు ఉన్నారు. గుడ్ల వ్యాను లేదు.

గొలుసు కదిలింది. నేను తొక్కాను. లెక్కలోకి వచ్చినట్టు లేదు. నాకు దిగులుగా ఉంది కానీ దడగా లేదు, దారికి దిగులు పనికిరాదు. వెనకవాళ్ళు తొక్కుతున్నట్టున్నారు, వేగం పెరగడం ఆగింది. తగ్గలేదు. నా కాళ్ళ కింద మంచు గరగరమంటోంది.

జామిగెడ్డ వాగు దాటే వంతెన ఇంకా మలుపు అవతల ఉండగా, పక్క దారి నుంచి ఒక బండి వచ్చి గొలుసు ముందు భాగంలో చేరింది. తట్టలు తాళ్ళతో కట్టి, ఆ తాళ్ళ మీద ఇంకొన్ని తాళ్ళు కట్టి ఉన్నాయి. చూడగానే ఎవరిదో తెలిసింది. సన్యాసినాయుడు రెండో గేటు దగ్గర ఎక్కాడు. తర్వాత అడిగితే, మొదటి గేటు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాడట.

ఆయన చేరడమే ఆలస్యం, గొలుసుకు కళ్ళెం వేసినట్టయింది. తగ్గింది. ఇంకా తగ్గింది. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎద్దుబండి నడకలో ఉన్నాం. వెనక నుంచి ఎవరో కసిగా హారను కొడుతున్నారు.

వంతెన మీద గొలుసు మొత్తం జారింది. ఎద్దుబండి నడకలో కూడా జారింది. చప్పుడు లేదు. బండ్లన్నీ కలిసి మెల్లగా పక్కకు పోవడం మొదలుపెట్టాయి. బావ వ్యాను వెనక భాగం తిరిగి రెయిలింగు వైపు వెళ్ళింది. అవతల గెడ్డ లోయ. పండ్ల పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. అక్క వెనక్కి తిరిగి చూసింది. నన్నే చూసిందో లేదో తెలియదు.

నాకు భయమేసింది. కాలు పెడల్ మీద పెట్టి మొత్తం బరువు మోపేశాను. ఈసారి లెక్కలోకి వచ్చిందని చెప్పడానికి బోర్డు అక్కర్లేదు.

వ్యాను రెయిలింగును తాకింది. పెళ్ళిలో జనం మధ్య భుజాలు తగులుతాయే, అంతే. తాకి ఆగిపోయింది. దాని వెనక బండ్లూ ఆగాయి. దారి అందరినీ మళ్ళీ సరిచేసి, నడక వేగంతో అవతలికి చేర్చింది. అదే నిన్నటి వేగమైతే ఏమయ్యేదో రాయను.

దిగే గేటు దగ్గర మార్కెట్టంతా కాచుకుని ఉంది. సన్యాసినాయుడి బోర్డు రెండంకెల్లో పట్టక తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. విరగబడి నవ్వారు. ఆయన బండి దిగి, తట్టలు విప్పి, గుడ్లు ఒక్కొక్కటీ చూసుకున్నాడు. తర్వాత వాళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు. తల వంచుకోలేదు.

నా బోర్డు మీద ఒకటి పడింది. బావ వ్యాను మీద కూడా ఒకటి.

ప్రమాదాలు: లేవు.

నమోదు 9

మంచు తక్కువ. బావ ఆగాడు, టీ అడిగాడు. నిన్న ఎవరో పిరికివెధవలు తొక్కి తొక్కి మార్కెట్టుకు ఆలస్యం చేశారని, సగం పండు నలిగిపోయిందని చెప్పాడు. ఆ ఒకటి ఏమిటి బావా అన్నాను. కాలు మీద కాలు వేసుకోబోతే తగిలిందట.

కాలు తగిలితే బోర్డు మీద పడదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, పక్కన కూర్చున్న అక్కకూ తెలుసు. టీలో కాస్త ఎక్కువ పంచదార వేశాను.

అక్క మాత్రం వ్యాను దిగింది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

“నిన్న మనల్ని ఆ గుడ్ల బండాయన నడిపించినాడు. నాంతరు నేదు, అంతే తేడా. నడిపిస్తే దాటినోడు ఎనక్కెల్లి ఇంకోల్ని నడిపించాల. ఈ దారిలో ఎవులూ అది ఎగ్గొట్టనేదు. నువ్వు ఎగ్గొడతావేటి?”

బావ గ్లాసు కింద పెట్టేసి వ్యాను ఎక్కాడు. అక్క కూడా ఎక్కింది. తర్వాత పైదారి ఎక్కారో ఇంటికి తిరిగారో నేను చూడలేదు. మలుపు దగ్గర బండ్లు నా కోసం ఆగి ఉన్నాయి.

నమోదు 10

గుమాస్తా వచ్చాడు. నా రాతలన్నీ చదివాడట. సోది అనలేదు. పైదారి వాళ్ళకు సంఘం తరఫున ఉత్తరం పెట్టారట. జవాబు కూడా వచ్చిందట. భయం మళ్ళీ పెరగడం విచారకరమని, ప్రయాణికుల్లో ధైర్యం నింపడానికి చర్యలు తీసుకుంటామని.

అందుకని మాకు మేమే వంతులు వేసుకున్నాం. మంచు గడ్డకట్టిన రోజుల్లో భయస్తులు కొందరు పైకి వెళ్ళాలి, మిగతావాళ్ళు లోదారి చూసుకోవాలి. ఒకే మనిషి రోజూ వెళ్తే గుండె చెడుతుంది. నా రేకు బోర్డు వెనక్కి తిప్పి, నల్ల పెయింటు పూసి, ఈ రోజు పైన వంతు ఎవరిదో సుద్దముక్కతో రాయడానికి వీలుగా చీలిక దగ్గర కట్టాను. మార్కెట్టులో నవ్వు తగ్గలేదు. సన్యాసినాయుడికి ఇప్పుడు దాని గోల లేదు. నవ్వేవాళ్ళలో తన గొలుసులో వచ్చినవాళ్ళెందరో లెక్కపెట్టుకుంటున్నాడట.

నమోదు 11

మంచు: గడ్డ. బిందె మీద పలక.

ఈ రోజు వంతు సన్యాసినాయుడిది. జ్వరమని కబురు పంపాడు. ఆయన బదులు ఎవరిని పంపాలా అని సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడి ఉండగా బావ వ్యాను వచ్చి ఆగింది. ఆయన దిగాడు. టీ అడగలేదు. కాసేపు పైన స్తంభాల వైపు చూశాడు. అక్కడ మంచు తప్ప ఏమీ కనబడదు.

“ఎలగూ పైకే పోతన్నాను. నా పేరు రాయి.”

నేను రాయలేదు. ఆయన మీద కోపం కొంత మిగిలి ఉంది, దాచుకోను. కానీ నేనన్నది కోపంతో కాదు. ఆ గొలుసులో చాలామంది ఎక్కుతారు, మా అక్కతో సహా.

“తొక్కితే సాలదు బావా. గుండి కూడా కొట్టుకోవాల. బయం నేనోడు తొక్కితే నెక్కలోకి రాదు.”

ఆయన నా చేతిలో సుద్దముక్క తీసుకుని తన పేరు తనే రాశాడు.

“వొస్తాదిలే. ఆ రోజు వొచ్చింది గదా.”

నా వైపు చూడకుండా వెళ్ళి వ్యాను ఎక్కాడు. అక్క ఎదురుగా రోడ్డునే చూస్తోంది. చేతులు ఒళ్ళో మామూలుగా ఉన్నాయి.

బండ్లు: చాలా. ప్రమాదాలు: కిందా లేవు, పైనా లేవు.

పైన వంతు: ఎర్నాయుడు. లెక్కలోకి వచ్చింది. సొట్టపోయిన గ్లాసు పెట్టినచోటే ఉంది.